గువ్వలపాడు గాలి బురుజు

మా ఆళ్లగడ్డ వైపు ఎవరి ఇంటి మీదన్నా ఏదన్నా ఎత్తుగా లేచిందంటే జనం అడిగే ప్రశ్న ఒకటే: ఎవరి మీదికి? నీళ్ల ట్యాంకు కట్టినా అదే ప్రశ్న, పావురాల గూడు కట్టినా అదే ప్రశ్న. చుట్టుపక్కల పల్లెల్లో శత్రువుల మీద కాపలాకు కట్టిన పాత బురుజులు ఇంకా నిలబడే ఉన్నాయి కాబట్టి తప్పంతా జనానిదే అనడానికీ లేదు. అయితే ఆ ప్రశ్న దెబ్బకు 1997 ఎండాకాలంలో నా బతుకు కొన్నాళ్లు గాల్లో వేలాడింది. ఆ సంగతి చెప్పాలంటే మా ఇంటి కప్పు దగ్గర మొదలుపెట్టాలి.

మా నాయన మహానందయ్యది ఆళ్లగడ్డ బజారులో కిరాణా అంగడి. అంత మెత్తని మనిషిని నేను మళ్లీ చూడలేదు. దీపావళికి అంగడి ముందర ఎవరైనా టపాకాయ పేలిస్తే బెల్లం దిమ్మెల వెనక్కి పోయి కూర్చునేవాడు. అలాంటి మనిషికి జీవితంలో ఒకే ఒక మొండితనం పట్టింది. అంగడి వెనక మా తాతలనాటి మట్టి మిద్దె పడగొట్టి స్లాబు ఇల్లు కట్టాలని.

మట్టి మిద్దె అంటే దూలాల మీద నాపరాళ్లు పరిచి, పైన మూరెడు మందాన చౌడు మన్ను తొక్కించిన కప్పు. నడిమధ్య గవాక్షి అని ఒక కంత ఉంటుంది. లోపలి వేడి గాలి దాంట్లోంచి పైకి వెళ్లిపోతుంది, వెలుతురు కిందికి వస్తుంది. వాన వచ్చినప్పుడు ఎవరో ఒకరు పైకి ఎక్కి దాని మీద బండ మూయాలి. ఈ ఎక్కడం దిగడం మా నాయనకు నామోషీ అయింది. పడగొట్టించి, బంగారం లాంటి ఆ మన్ను బండ్లకెత్తి పంపించి, స్లాబు వేయించాడు. మా కప్పుకు సూది పట్టేంత సందు కూడా లేదని వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పుకున్నాడు. నిజమే, వాన చుక్క లోపలికి రాలేదు. లోపలికి వచ్చిన వేడి కూడా బయటికి పోలేదు.

మొదటి ఎండాకాలానికే మా అమ్మ గౌరమ్మ వంట పెరట్లోకి మార్చింది. రెండో ఎండాకాలానికి మా నాయన ఒక పెద్ద కూలరు తెచ్చాడు. అది తిరిగితే బస్సు స్టార్టు చేసినట్టు మోత. కానీ తిరిగితే కదా. పొద్దున పదకొండుకు పోయిన కరెంటు సాయంత్రం నాలుగు దాకా వచ్చేది కాదు. చివరికి అమ్మ దాని మీద వడియాలు ఎండబెట్టుకుంది. నన్నడిగితే ఆ కూలరు మా ఇంటికి చేసిన ఉపకారం ఆ వడియాలే.

నేను అప్పటికి నంద్యాలలో సివిల్ డిప్లొమా ముగించుకుని ఇంటికొచ్చి ఏడాది దాటింది. శేఖర్ ఇంజినీరు అని పిలిచేవాళ్లే గానీ పని ఇచ్చేవాళ్లు లేరు. ఇల్లు కట్టుకునేవాళ్లందరికీ మేస్త్రీ చాలు, ఇంజినీరు దండగ. మా నాయన అరిచే మనిషి కాదు కాబట్టి నెమ్మదిగానే గడువు పెట్టాడు. ఈ ఎండాకాలం దాటేలోగా నీ పేరు మీద బయటివాళ్ల ఇంటి పని ఒక్కటి చూపించు, లేకుంటే వచ్చి తక్కెడ దగ్గర కూర్చో అన్నాడు. కందిపప్పు తూచడం తప్పు పని అని నేననడం లేదు. కానీ పొద్దున్నుంచి రాత్రి దాకా చింతపండు వాసన మధ్య కూర్చుని, ఇంకో గుప్పెడు వేయమనే వాళ్లతో నవ్వుతూ మాట్లాడటం నా వల్ల కాదు. నాకు నవ్వు తక్కువ. అంగట్లో కూర్చుంటే ఆరు నెలల్లో గిరాకీలందర్నీ తరిమేసేవాణ్ణి.

కాలేజీ లైబ్రరీలో అట్ట ఊడిపోయిన ఒక పత్రికలో ఎడారి దేశాల ఇళ్ల బొమ్మలు చూశాను. ఇంటి మీద గోపురం లాంటిది కట్టి పైన పోయే గాలిని పట్టి కిందికి దించుతారు. ఆ బొమ్మను నోట్సులో గీసుకున్నాను. దానికి మన వట్టివేళ్లు కలిపితే ఎట్లా ఉంటుందని రెండేళ్లు ఆలోచించాను. మన గాలి ఎండుగాలి. తడి తగిలిందంటే చల్లబడుతుంది. చల్లబడిన గాలి బరువెక్కి కిందికి జారుతుంది. కుండలో నీళ్లు చల్లబడే సంగతే ఇది, కాకపోతే కుండ బదులు ఇల్లు.

మేస్త్రీ మద్దిలేటి అంతా విని తల గోక్కున్నాడు. మోటారు లేకుండా, కరెంటు లేకుండా గాలి వస్తుందని ఎక్కడా వినలేదన్నాడు. నీళ్లు ఎవరు మోస్తారని అడిగాడు. నేనే అన్నాను. అయితే కడతానన్నాడు. నాయన ఇంటి దక్షిణం మూల స్లాబుకు కంత కొట్టి, రెండు నిలువుల ఎత్తు గోపురం లేపాము. ఆ కంత కొడుతున్నంతసేపూ మా నాయన అంగడి వదిలి రాలేదు, చూడలేక. గోపురం నెత్తిన నాలుగు వైపులా కంతలు, కంతలకు వట్టివేళ్ల తడకలు, వాటి మీద చిల్లుల తొట్టి. పొద్దున ఆరు బిందెలు, మధ్యాహ్నం ఆరు బిందెలు పోస్తే తొట్టిలోంచి చుక్కా చుక్కా కారి తడకలు తడుస్తాయి. ఉత్తరం వైపు కిటికీ తెరిచి పెట్టాము.

రెండో రోజు మధ్యాహ్నం అమ్మ పెరట్లోంచి పొయ్యి సామాను లోపలికి తెచ్చుకుంది. నాకు అంతకు మించిన సర్టిఫికెట్టు అవసరం లేకపోయింది. ఒకే ఒక లోపం బయటపడింది. హాలులో పెట్టిన ఉప్పు బస్తా గాలి తేమకు నీరు కారింది. మా నాయన రోజూ దాన్ని తడిమి చూసి, ఇల్లు చల్లబడింది సరే, ఉప్పు సంగతేమిటని అడిగేవాడు.

బజారు అడిగింది మాత్రం వేరే. నాలుగు వైపులా కంతలున్న గోపురం, అదీ మహానందయ్య ఇంటి మీద. ఎవరి మీదికి? గాలికి కట్టుకున్నాం అని మా నాయన అందరికీ నిజమే చెప్పాడు. అదే కొంప ముంచింది. ఫలానావాడి మీదికి అని ఉంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. గాలికి అనేసరికి, ఈ మనిషి లోతు మనకు అందదు అనుకున్నారు. తూకం దగ్గర వాదించే గిరాకీలు వాదించడం మానేశారు. బస్సులో లేచి సీటిచ్చారు. పక్క పల్లె నుంచి ఒకాయన గట్టు తగాదాకు పంచాయితీ చెప్పమని వచ్చి అంగడి ముందు కూర్చున్నాడు. మా నాయన అతనికి అరకిలో శనగపప్పు కట్టి పంపించి, లోపలికొచ్చి రెండు చెంబుల నీళ్లు తాగాడు.

అసలు దెబ్బ ఆ వారంలోనే తగిలింది. ఆళ్లగడ్డకు ఆరు మైళ్ల దూరాన గువ్వలపాడు అని ఊరుంది. అందులో వీరన్న, రామయ్య అని ఇద్దరు పెద్దమనుషులు. చిన్నాయన పెదనాయన బిడ్డలే. పదహారేళ్లుగా ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, వాళ్ల మనుషులు చూసుకుంటే బాంబులు పడతాయి. గొడవ బోరు దగ్గర మొదలైందని కొందరు, పీర్ల పండగలో అని కొందరు అంటారు. ఆ ఇద్దరి దగ్గర నుంచీ ఒకే రోజు మా అంగడికి మనుషులొచ్చారు. ఇద్దరూ తెచ్చిన మాట ఒకటే. నీ బురుజు మా వైపా, వాళ్ల వైపా?

మా నాయన ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పొద్దున్నే నన్ను పిలిచాడు.

"శుక్రవారం లోపల దాన్ని దించెయ్ నాయనా. ఉబ్బరం ఎట్లనో ఓర్సుకుంటాం. బాంబుల్ని ఓర్సుకోలేం."

గోపురం పోతే నా పనితనానికి ఉన్న ఒక్క సాక్ష్యం పోతుంది. తరవాత తక్కెడే. అయినా ఆయన ముఖం చూసి ఎదురు చెప్పలేకపోయాను. గురువారం మద్దిలేటి సుత్తి తెచ్చాడు. పైకి ఎక్కబోతుంటే బజారులో జీపు ఆగింది. వీరన్నే స్వయంగా దిగాడు. వెనక నలుగురు, నలుగురి చేతుల్లో సంచులు. ఆ సంచుల్లో ఏముంటుందో మా వైపు చిన్న పిల్లలకు కూడా తెలుసు.

వీరన్న యాభై దాటిన భారీ మనిషి. చెమటకు చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఎవరి మీదికి కట్టావని సూటిగా అడిగాడు. మా నాయన బదులు నేను ముందుకొచ్చి, లోపలికొచ్చి చూడమన్నాను. చూశాడు. గోపురం కింద మంచం మీద కూర్చున్నాడు. పైకి తల ఎత్తి, కంతలోంచి దిగే గాలికి కళ్లు మూశాడు. ఇది ఎట్లా పనిచేస్తుందో నేను వివరంగా చెబుతున్నాను. వట్టివేళ్ల దగ్గరికి వచ్చేసరికి గురక వినిపించింది.

మూడు గంటలు పడుకున్నాడు. బయట నలుగురూ ఎండలో నిలబడి, లోపల చప్పుడు లేకపోయేసరికి అనుమానంతో సంచులు సర్దుకోవడం మొదలుపెట్టారు. మా నాయన వాళ్లకు మజ్జిగ పోస్తూ, మీ అయ్య బాగున్నాడు, పండుకున్నాడు అని ప్రతి ఐదు నిమిషాలకూ చెప్పి వచ్చాడు. మజ్జిగ అయిపోయినాక బెల్లం పానకం పోశాడు.

వీరన్న లేచి కాసేపు ఎక్కడున్నాడో తెలియనట్టు చూశాడు. తరవాత నా వైపు తిరిగాడు.

"పగటి పూట ఇట్ల నిద్రపోయి పదహారేండ్లాయ. నా ఇంటికి గూడా ఒకటి కట్టు. మా దాంట్లో పెనం మీద ఉన్నట్లుంటాది."

నా పేరు మీద మొదటి పని. గాల్లో తేలిపోయాను. మద్దిలేటి సుత్తి సంచిలో పెట్టుకున్నాడు. మా నాయన ఒక్కడే గోడకు ఆనుకుని చెమట తుడుచుకున్నాడు, ఆ చల్లగాలిలో కూడా.

గువ్వలపాడులో వీరన్న ఇల్లు చూశాక నా సంతోషం సగం దిగిపోయింది. అది ఇల్లు కాదు, మూత పెట్టిన డేగిసా. ఇటుక గోడలు మూరన్నర మందం, పైన స్లాబు. ముందు తలుపు తప్ప మరో దారి లేదు. బాంబుల భయానికి కిటికీలన్నీ ఎప్పుడో ఇటుకలతో మూసేశారు. ఉత్తరం వైపు సందు, సందుకు అవతల రామయ్య ఇల్లు. రామయ్య అరుగు మీద కూర్చుంటే ఉత్తరపు గోడలో మూసేసిన పెద్ద కిటికీ గుర్తు స్పష్టంగా కనిపిస్తుంది, పాత గాయం మచ్చ లాగా.

గోపురం పది రోజుల్లో లేచింది. అది లేస్తుంటే అవతల రామయ్య ఇంటి మీద ఇసక బస్తాలు పేర్చడం మొదలైంది. మద్దిలేటి ఇటుక పెట్టినప్పుడల్లా అటు చూసి ఆంజనేయ దండకం చదువుకున్నాడు. వట్టివేళ్లు కట్టాం, తొట్టి నింపాం. ఊళ్లో సగం మంది వచ్చి కింద నిలబడ్డారు.

గాలి రాలేదు.

రాదని నాకు ముందే తెలుసు. ధైర్యం చేసి అప్పుడు చెప్పాను. వచ్చిన గాలి బయటికి పోవడానికి అవతలి గోడలో దారి కావాలి, ఉత్తరపు కిటికీ తెరవాలి. వీరన్న నన్ను ఎగాదిగా చూశాడు.

"వచ్చిన గాలిని మల్లా బయటికి పంపేదేందిరా? వచ్చింది వచ్చినట్ల లోపలే ఉండనీ."

"ఉండదన్నా. పోయే దారి లేకుంటే వచ్చేది గూడా రాదు."

తలుపు తెరిచి చూశాం. తలుపు గోపురం పక్కనే ఉంది కాబట్టి గాలి అటు దిగి అటే పోయింది, ఇంట్లోకి రాలేదు. స్లాబుకు గవాక్షి పెడదామంటే, పైనుంచి ఏమన్నా వేస్తారని ఒప్పుకోలేదు. ఉత్తరపు కిటికీ మాట మళ్లీ ఎత్తితే నాలుక కోస్తానన్నాడు. మృగశిర కార్తె వచ్చేలోగా ఏదో ఒకటి చేసి గాలి తెప్పించమన్నాడు. మృగశిర వస్తే చల్లదనం దేవుడే ఇస్తాడు, అప్పుడు నీతో పనేముంది, నీ గోపురంతో పాటు మీ నాయన ఇంటి మీదిది కూడా జీపుకు కట్టి లాగేయిస్తానన్నాడు. ఆయన ఉత్త మాటలు మాట్లాడే మనిషి కాదు.

రోహిణి కార్తెలో ఇంకా వారం మిగిలింది. నేను రోజూ సైకిలు మీద గువ్వలపాడు వెళ్లి గోపురం కింద నిలబడి పైకి చూసేవాణ్ణి. నీళ్ల చుక్కలు ముక్కు మీద పడేవి, అంతే. ఇంటికొస్తే నాయన తక్కెడ పళ్లాలు చింతపండుతో తోమి తళతళలాడిస్తూ కనిపించేవాడు. నా కోసమే తోముతున్నాడని నాకు తెలుసు. ఆయనేమీ కక్షతో చేయడం లేదు, పాపం. కొడుకు కొత్తగా కూర్చుంటాడు కదా అని.

అప్పుడు కోర్టు ఆదుకుంది. వీరన్న, రామయ్య ఒకరి మీద ఒకరు పెట్టుకున్న కేసులు రెండూ నంద్యాలలో ఒకే కోర్టులో ఉన్నాయి. వేసవి సెలవుల తరవాత మొదటి వాయిదా జూన్ మొదటి వారంలో పడింది. వాయిదా అంటే రెండు వైపులా మగవాళ్లందరూ బయలుదేరాల్సిందే. వాళ్లొక జీపు, వీళ్లొక జీపు, ముందూ వెనకా పోలీసు జీపులు. పొద్దున తొమ్మిదికల్లా గువ్వలపాడులో ముసలివాళ్లు, ఆడవాళ్లు తప్ప ఎవరూ మిగల్లేదు.

నేను, మద్దిలేటి తొట్టికి నీళ్లు పోస్తున్నాం. వీరన్న భార్య నరసింహమ్మ వంటింట్లోంచి వచ్చింది. అన్ని రోజుల్లో ఆమె మాతో మాట్లాడింది లేదు. సన్నటి మనిషి, మెడ నిండా చెమట పొక్కులు. గాలి రాకపోవడానికి కారణం నిజంగా గోడేనా అని అడిగింది. అవునన్నాను. ఏ గోడ అంది. చూపించాను.

"ఆడ కిటికీ ఉండె. కాపురానికొచ్చిన కొత్తల్లో ఆడ కూర్సొనే బియ్యం ఏరుకుంటాంటి. మద్దిలేటీ, గడ్డపార తే."

మద్దిలేటి నా వైపు చూశాడు. వీరన్న చంపేస్తాడమ్మా అన్నాను. ఆయన సంగతి నేను చూసుకుంటాను, పదహారేళ్లు ఉడికింది ఆయన కాదు, ఆయన బయట తిరుగుతాడు, ఈ గోడల మధ్య ఉడికింది నేను అంది. గొంతు పెంచలేదు. ఆ మాటకు నాకు సిగ్గేసింది. ఈ ఇంటిని నేను ఇంతవరకు వీరన్న ఇల్లనే అనుకున్నాను. పగలంతా అందులో ఉండే మనిషి గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మద్దిలేటి మొదటి ఇటుక లాగాడు. పదో ఇటుకకే గోపురం వైపు నుంచి తడి వాసనతో గాలి కదిలింది. కిటికీ సగం తెరిచేసరికి నరసింహమ్మ పైట ఎగిరింది. ఆమె అట్లాగే నిలబడిపోయింది. చెంపల మీద తడి చెమటో ఏడుపో నాకు తెలియలేదు, నా కళ్లు కూడా సరిగా లేవు.

ఇటుకలు పడే చప్పుడుకు సందు అవతల తలుపు తెరుచుకుంది. రామయ్య భార్య భారతమ్మ చేతిలో రోకలితో అరుగు మీదికి వచ్చింది. శత్రువు గోడకు కంత పడింది, మగవాళ్లు ఊళ్లో లేరు. ఆమె ఏమనుకుందో ఊహించుకోవచ్చు. మద్దిలేటి గడ్డపార వదిలేసి మంచం కిందికి దూరాడు. ఈలోగా కిటికీలోంచి బయటికి పోయిన గాలి సందు దాటి ఆమె ముఖానికి తగిలింది. రోకలి దించింది. ఒక అడుగు ముందుకు వేసి, ఆ గాలికి ఎదురుగా నిలబడింది. ఇద్దరూ తోడికోడళ్లు, పదహారేళ్లుగా మాటల్లేవు.

"అక్కా, మీ ఇంట్లోంచి సల్లగాలి వస్తాండాది," అంది చివరికి.

"రానీలే. నీ కూతురు పెండ్లికి నేను రాకపోతి. గాలన్నా రానీ," అంది నరసింహమ్మ.

భారతమ్మ లోపలికి వెళ్లి చాట తెచ్చుకుని అరుగు మీద కూర్చుంది. ఈమె బియ్యం తెచ్చుకుని కిటికీలో కూర్చుంది. ఆ రోజు మధ్యాహ్నం వాళ్లు ఏరినన్ని బియ్యం వారం రోజులకు సరిపోతాయి. మాటలు మాత్రం ఇంకా మిగిలినట్టున్నాయి.

నేను పారిపోదామనుకున్నాను. కానీ బయటివాళ్లకు కట్టిన నా మొదటి గోపురం పనిచేస్తోంది, దాన్ని వదిలి కదలబుద్ధి కాలేదు. మధ్యాహ్నం రెండు గంటలకు రామయ్య జీపు ముందు వచ్చింది. ఆయన సన్నగా, పొడుగ్గా, ఎండకు వాడిపోయి ఉన్నాడు. ఎదురుగా తెరిచిన కిటికీ చూసి గుమ్మం వెనక్కి దుమికాడు. భారతమ్మ చాట కింద పెట్టి, గాలికి తెరిచారులే, వచ్చి కూర్చో అంది. చాలాసేపు తల మాత్రమే బయట పెట్టి చూశాడు. తరవాత ఒక భుజం వచ్చింది. తరవాత చొక్కా విప్పి అరుగు మీద కూర్చున్నాడు. నంద్యాల కోర్టు వరండాలో పొద్దున్నుంచి నిలబడి వచ్చిన మనిషి. పది నిమిషాల్లో స్తంభానికి ఒరిగి నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

వీరన్న జీపు వచ్చేసరికి దృశ్యం అది. పదహారేళ్ల శత్రువు, చొక్కా లేకుండా, ఒక్కడే, పది గజాల దూరంలో గుర్రు పెడుతున్నాడు. ఆయన మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడి చేయి సంచిలోకి పోయింది. నేను కట్టిన గోపురం గాలికే ఆ మనిషి అక్కడ నిద్రపోతున్నాడు. ఏదన్నా జరిగితే దానికి నేను కూడా కారణమే.

వీరన్న ఆ చేయిని చూపుతోనే ఆపాడు. ఇంట్లోకి వచ్చాడు. కిటికీ చూశాడు, భార్యను చూశాడు, నన్ను చూశాడు. ముఖం కందగడ్డ అయింది.

"నా గాలి పోయి వాని మీద పడతాందే. నేను దుడ్లు పెట్టి గోపురం కట్టిచ్చుకుంటే వాడు పండుకుంటాండాడా? మూసెయ్ దాన్ని."

నరసింహమ్మ చాటలోంచి తల ఎత్తలేదు. మూసుకో, మూస్తే నీకూ రాదు, అడుగు ఆ పిల్లోన్ని అంది. ఆయన నన్ను అడిగాడు. అబద్ధం చెప్పడానికి ఎంత మనసైందో నాకే తెలుసు. కానీ గాలి నా మాట వినదు కదా. రాదన్నా, వానికి పోకుంటే నీకు రాదు అన్నాను.

వీరన్న ఇంటి మధ్యలో నిలబడ్డాడు. గోపురంలోంచి గాలి దిగి, ఆయన చెమట చొక్కాను తాకి, పంచె అంచు కదిలించి, కిటికీలోంచి సందు దాటి వెళ్లిపోతోంది. అవతల గురక వినిపిస్తోంది. ఆయన చాలాసేపు ఆ గురక విన్నాడు. బయట మనుషులు జీపు దగ్గర గట్టిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆయన గుమ్మం దాకా వెళ్లి, గొంతు తగ్గించి చెప్పాడు.

"మెల్లగ మాట్లాడండ్రా. వాడు లేస్తాడు."

వచ్చి మంచం మీద పడుకున్నాడు. కాసేపటికి సందుకు ఈ వైపు నుంచి కూడా గురక మొదలైంది. నరసింహమ్మ, భారతమ్మ ఒకరినొకరు చూసుకుని మళ్లీ బియ్యంలో పడ్డారు. మంచం కింద ఇరుక్కుపోయిన మద్దిలేటిని నేను కాళ్లు పట్టుకుని బయటికి లాగాను.

వారం తిరక్కుండా రామయ్య మనిషి అంగడికి వచ్చాడు. వాళ్లకు కూడా గోపురం కావాలి. షరతు ఒక్కటే, వీరన్న దానికంటే ఒక వరస ఇటుక ఎత్తు ఉండాలి. ఇసక బస్తాలు దించి ఆ చోట్లోనే కట్టాం. గాలి బయటికి పోయే కిటికీ ఎక్కడ పెట్టాలని అడగాల్సిన పని లేకపోయింది, సందు వైపు గోడ ఉండనే ఉంది. ఇప్పుడు సందుకు అటూ ఇటూ రెండు కిటికీలు ఎదురెదురుగా తెరిచి ఉంటాయి. కేసులు మాత్రం నంద్యాలలో నడుస్తూనే ఉన్నాయి. దాంట్లో ఇద్దరూ తగ్గలేదు. కాకపోతే ఎండాకాలం వాయిదాలకు ఇద్దరి వకీళ్లూ పొద్దున్నే పిలిపించమని జడ్జిని బతిమాలుకునేవాళ్లు, మధ్యాహ్నం నిద్రకు ఇంటికి చేరాలి కాబట్టి.

రామయ్య గోపురం ముగిసిన రోజు మా నాయన జీవితంలో మొదటిసారి గువ్వలపాడు వచ్చాడు. సంచులు పట్టుకున్న మనుషుల మధ్య నుంచి ఒదిగి ఒదిగి నడిచి, రెండు ఇళ్లలోనూ గోపురం కింద కాసేపు నిలబడి, పైకి చూసి, నీళ్ల చుక్క కంట్లో పడితే తుడుచుకున్నాడు. తిరుగు దారిలో నా సైకిలు వెనక కూర్చుని ఆళ్లగడ్డ పొలిమేర దాకా వచ్చాడు.

"తక్కెడ కాడికి నువ్వు రావద్దులే నాయనా," అన్నాడు అప్పుడు. "ఉప్పు బస్తా మాత్రం యాడ పెట్టాల్నో సెప్పి పో."